నేను కోసేసిన మూడో తీగ

ఆ రోజుల్లో ఇంజినీరు కావడానికి ఇప్పుడున్నంత చదువు అక్కర్లేదు. ఊరికి కరెంటు కొత్తగా వచ్చి ఉండాలి, చేతిలో ఒక స్క్రూడ్రైవరు ఉండాలి, చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరికీ ఏమీ తెలిసి ఉండకూడదు. అరవైలలో, కోట నుంచి వాకాడు పోయే దారిలో ఉన్న మా పెదమామ ఊళ్ళో ఈ మూడూ నాకు ఒకేసారి కలిసివచ్చాయి. (నాలుగోది ఒకటి కూడా ఉండాలని, దాని పేరు భయమని, నాకు తర్వాత తెలిసింది. ఆ తెలిసిన వైనమే ఇది.)

అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు. నెల్లూరులో పి.యు.సి. తప్పి, మా నాన్న ఎదుట పడే ధైర్యం లేక, మళ్ళీ పరీక్షకు ప్రశాంతంగా చదువుకుంటానని చెప్పి మా అమ్మ పెద్దన్నగారి ఇంటికి చేరాను. చదవాల్సిన పుస్తకాలు నాలుగు తెచ్చుకున్నాను గాని, చదివింది మాత్రం ఐదోదాన్ని. ఇళ్ళల్లో కరెంటు పని ఎవరికి వారే ఎలా చేసుకోవచ్చో బొమ్మలతో చెప్పే పాత పుస్తకం అది. అందులో చివరి ఇరవై పేజీలు చెదలు తినేశాయి. ఉన్న పేజీలు చదివి మామ వాళ్ళ వసారాలో ఆరిపోయిన బల్బును వెలిగించాను. ఎదురింటివాళ్ళ రేడియో గరగరమంటుంటే దాని ప్లగ్గు ఊడదీసి మళ్ళీ బిగించాను. గరగర పోయింది. ఎందుకు పోయిందో నాకూ తెలియదు. ఆ సాయంత్రం నుంచి మామ నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి "ఇంజినీరూ" అనడం మొదలుపెట్టాడు. పరీక్ష తప్పినవాడికి ఆ పిలుపు ఎంత హాయిగా ఉంటుందో, తప్పినవాళ్ళకే తెలుస్తుంది.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురే. మాగాణి సేద్యం చేసుకునే మామ, అత్త, మా అమ్మకూ మామకూ తల్లి అయిన అవ్వ. స్నానాల గది పెరట్లో విడిగా ఉండేది. ఇటుక గోడలు, పైన పెంకులు, కింద నాపరాళ్ళు, ఒక మూల పొయ్యి మీద నీళ్ళు కాచే పెద్ద రాగి కాగు. ఆ కాగుకు మంట పెట్టడం అత్త పని. మా వైపు వానలు పట్టుకునేది కార్తీకంలోనే గదా, సముద్రం మీద నుంచి ముసురు దిగిందంటే పుల్లలన్నీ తడిసి, సరుగుడు కట్టెలు కూడా మండనని మొండికేసేవి. అత్త పొద్దున్నే ఊదుగొట్టం పట్టుకుని కూర్చుని, ఎర్రబడ్డ కళ్ళు పైటచెంగుతో తుడుచుకుంటూ లేచేది. ఆమె ఎవరినీ ఏమీ అనేది కాదు. నాకు మాత్రం పెట్టిన పళ్ళెం ముందు కూర్చున్నప్పుడల్లా ఆ కళ్ళు చూసి సిగ్గేసేది. ఈమెకు పొగ లేకుండా చెయ్యాలి అనుకున్నాను. నా బుద్ధి అంతవరకు మంచిదే.

ఆ ఇంటికి మొదట్లో కరెంటు పని చేసింది కోటలో ఉండే ఫ్యూజు సాయిబు. (అసలు పేరు చాలామందికి తెలియదు. ఎవరింట్లో దీపాలు పోయినా సైకిలు దిగీ దిగకముందే "ముందు ఫ్యూజు చూసినారా?" అని అడిగేవాడు గనక ఆ పేరు స్థిరపడింది.) సన్నగా, పొడుగ్గా, చెవి మీద పెన్సిలు పెట్టుకుని, ఒక తీగ లాగడానికి గోడను పావుగంట చూసే మనిషి. నేను అక్కడికి చేరినాక ఒకరోజు వచ్చి, స్నానాల గదిలో చెయ్యి అందనంత ఎత్తున ఒక బల్బు పెట్టి, దాని స్విచ్చిని గది బయట బిగించి, పని అయిపోయిందన్నాడు. లోపల ఒక ప్లగ్గు పాయింటు కూడా పెట్టమని నేను అడిగాను.

"తడి చెయ్యి తగిలే చోట కరెంటు ఉండకూడదబ్బాయా" అన్నాడు.

"మద్రాసులో అందరూ పెట్టుకుంటా ఉండారు గదన్నా?"

"పెట్టుకుంటారు. దానికి వేరే పద్ధతి ఉండాది, వేరే సామాను ఉండాది. అవి ఇప్పుడు నా దగ్గర లేవు. నీళ్ళకీ కరెంటుకీ చుట్టరికం జాస్తి. ఒకటి కనబడితే రెండోది పరిగెత్తుకుంటా వస్తాది. మధ్యలో మనం నిలబడకూడదు."

ఆ మాటలు నాకు బొత్తిగా నచ్చలేదు. తెలియనివాడు తెలియదని చెప్పడానికి ఇన్ని మాటలు వాడుతున్నాడనుకున్నాను.

తర్వాత నెలకు, ఊళ్ళోవాళ్ళతో కలిసి మద్రాసు వెళ్ళినప్పుడు, పాత సామాన్ల అంగట్లో నీళ్ళు కాచే హీటరు కడ్డీ ఒకటి కనిపించింది. జంతికలా చుట్టలు తిరిగిన గొట్టం, పైన నల్లటి పిడి, పిడి నుంచి గుడ్డ చుట్టిన తీగ. అంగడివాడు దాన్ని బకెట్లో ముంచి నీళ్ళు కళపెళలాడించి చూపించాడు. ఇంకేం కావాలి? దాన్ని చంకలో పెట్టుకుని, బస్సులో రెండుసార్లు కింద పడేసుకుని, ఇంటికి తెచ్చాను. మరునాడు మామ పొలానికి పోగానే పని మొదలుపెట్టాను. స్నానాల గది తడిగోడ మీద చెక్క పట్టీలు కొట్టి, వాటి మీద తీగ పరిచి, కాగు పక్కనే, నీళ్ళు పోసుకుంటూ కూడా ఆపుకోవచ్చునని, సరిగ్గా చేతికి అందేటట్టు స్విచ్చి బిగించాను. దాని కింద ప్లగ్గు. నా దగ్గరున్న ప్లగ్గుకు రెండు కన్నాలే. కడ్డీ నుంచి వచ్చిన తీగ విప్పి చూస్తే లోపల మూడు తీగలున్నాయి. కాసేపు ఆలోచించాను. కరెంటు ఒకదాంట్లో పోతుంది, ఒకదాంట్లో వస్తుంది. ఈ మూడోది దేనికి? రెండింట్లో ఏదైనా తెగిపోతే పనికొస్తుందని ముందుచూపుతో పెట్టి ఉంటారని తీర్మానించి, కత్తెరతో దాన్ని మొదలంటా కోసేశాను. చాలా శుభ్రంగా కోశాను. ఇప్పటికీ ఆ కత్తెర చప్పుడు నాకు గుర్తే.

సాయంత్రం మామ వచ్చి చూసి మురిసిపోయాడు. అత్త స్విచ్చికి పసుపూ కుంకుమా పెట్టింది. మామ కొబ్బరికాయ కొట్టాడు. నేను కడ్డీని కాగులోకి దించి స్విచ్చి వేశాను. పొయ్యి లేదు, పొగ లేదు, ముప్పావుగంటలో కాగు నిండా నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. అవ్వ మాత్రం గడప దగ్గరే నిలబడి, "నిప్పు లేకుండా కాగిన నీళ్ళేందిరా, నా ఒంటికి పడవు" అని వెళ్ళిపోయింది. తక్కిన ఊరంతా వచ్చి చూసింది.

రెండో రోజు పొద్దున అత్త నా దగ్గరకు వచ్చి, చెయ్యి రుద్దుకుంటూ, మెల్లగా అడిగింది.

"అబ్బాయా, కాగులో చెంబు ముంచితే చేతికి చీమలు కుట్టినట్టు ఉండాదిరా. అది అట్లనే ఉంటాదా?"

నేను వెళ్ళి వేలితో కాగు అంచు తాకాను. జిల్లుమంది. మోచేతి దాకా పాకింది. ఏదో తేడా ఉందని ఆ క్షణమే నాకు తెలిసిపోయింది. తెలిసినా, కొబ్బరికాయ కొట్టించుకున్నవాడిని, ఊరంతా చూసిపోయినవాడిని, పి.యు.సి. తప్పినవాడిని. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "కొత్తలో అట్లాగే ఉంటాది అత్తా. ఆ చెక్కపీట మీద నిలబడి పోసుకో, ఏం కాదు." పీట మీద నిలబడితే నిజంగానే అంతగా తెలిసేది కాదు. అత్త నమ్మింది. నేను పీటను కనిపెట్టినందుకు నన్ను నేను మెచ్చుకుని, వాకిట్లోకి పోయి పుస్తకం తెరిచాను. ఆ పూట ఒక్క అక్షరం కూడా తలకెక్కలేదు.

ఇంతటితో ఆగిపోయి ఉంటే ఇంకో సంగతి. పక్కింట్లో మోకాళ్ళ పిన్నమ్మ అని ఒకామె ఉండేది. (ఆమె మాట్లాడటం మొదలుపెడితే ఏ విషయమైనా చివరికి తన మోకాళ్ళ దగ్గరకే చేరేది.) నాలుగో రోజు ఆమె వేడినీళ్ళకని వచ్చి, పీట మీద నిలబడి కాగు పట్టుకుని, "అబ్బో!" అని ఒక కేక పెట్టి, కాసేపు కళ్ళు మూసుకుని, తర్వాత పెరడంతా గబగబా నడిచి చూపించింది. "ఏందో నరాల్లోకి పోయినట్టుండాది వదినా! పదేళ్ళనాటి నొప్పి, చేత్తో తీసేసినట్టు పోయింది!" అంది అత్తతో. మరునాటికి ఇద్దరొచ్చారు. ఆ మరునాటికి ఆరుగురు. పొద్దున పూట పెరట్లో బారు తీరి, ఒకరి తర్వాత ఒకరు పీటెక్కి కాగును తాకి, కెవ్వుమని, తృప్తిగా దిగిపోయేవారు. మామ వసారాలో కూర్చుని, "మా ఇంజినీరు మద్రాసు నుంచి తెచ్చినాడు" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు. నేను నవ్వుతూ నిలబడేవాడిని. ఒక్కొక్కరు పీటెక్కినప్పుడల్లా లోపల ఊపిరి బిగబట్టేవాడిని. దిగినాక వదిలేవాడిని. కడ్డీ తీసేద్దామని రోజుకు పదిసార్లు అనుకున్నాను. తీసేస్తే ఎందుకు తీశావంటారు. ఆ ప్రశ్నకు జవాబు నిజం తప్ప ఇంకోటి దొరకలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం అన్నాల దగ్గర అవ్వ అంది: "రేపు నేనూ పోసుకుంటా. చేతులు తిమ్మిర్లు పట్టి చస్తా ఉండా."

నేను చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశాను. "పీట మీద కూర్చుని పోసుకో అవ్వా" అన్నాను ఎలాగో.

"పీటెందుకురా? పీట ఉంటే మహిమ సగం పోతాదంట, మోకాళ్ళామె చెప్పింది. రాళ్ళ మీదనే కూచుని, రెండు చేతులూ నీళ్ళల్లో పెట్టుకుంటా."

తడి నాపరాళ్ళు, డెబ్బై ఏళ్ళ మనిషి, రెండు చేతులూ కాగులో. నేను చెయ్యి కడుక్కుని, సైకిలు తీసుకుని, ఎవరికీ చెప్పకుండా ముసుర్లోనే కోటకు తొక్కాను. ఫ్యూజు సాయిబు ఇంట్లో లేడు, వాకాడులో ఏదో పనికి వెళ్ళాడు. ఆయన భార్య నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏందయ్యా, ఎవరికైనా బాగలేదా?" అంది. "ఇంకా లేదక్కా" అన్నాను. రేపు పొద్దున్నే ఒకసారి రమ్మని చెప్పి తిరిగొచ్చాను.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఆయన జాడ లేదు. అవ్వ మాత్రం ఒంటికి ఆముదం పట్టించుకుని, సున్నిపిండి గిన్నె పక్కన పెట్టుకుని, రాళ్ళ మీద కూర్చుంది. అత్త స్విచ్చి వేసింది. నేను ఏం చేస్తున్నానో నాకే తెలియకుండా వసారాలోకి పరిగెత్తి, మీటరు పక్కనున్న పింగాణీ ఫ్యూజు పీకి, లాల్చీ జేబులో వేసుకున్నాను.

"కరెంటు పోయిందత్తా!" అని కేకేశాను.

"రానీలే, ఇట్లనే కూచుంటా. ఎంతసేపట్లో వస్తాది?" అంది అవ్వ లోపల్నుంచి.

సరిగ్గా అప్పుడే ఎదురింట్లో రేడియో అందుకుంది. నేను బాగుచేసిన రేడియోనే. గరగర లేకుండా, స్వచ్ఛంగా, వీధంతా వినబడేటట్టు పాడుతోంది. మామ చేతిలో పేపరు దించి, ఎదురింటి వైపు చూసి, నా వైపు చూశాడు. "ఏమబ్బాయా, రేడియో పాడతా ఉంటే మనకొక్కరికే కరెంటు పోయిందా?"

"అది... లైను వేరు మామా."

"నిన్న ఒకటే లైనన్నావే!"

అవ్వ ఆముదం కారుతూ అరగంట కూర్చుంది. ఆ అరగంటలో నేను చెప్పిన అబద్ధాలన్నీ ఇక్కడ రాస్తే మీకు నా మీద జాలి కూడా మిగలదు. చివరికి వీధిలో సైకిలు గంట మోగింది. ఫ్యూజు సాయిబు దిగీ దిగకముందే, "ముందు ఫ్యూజు చూసినారా?" అన్నాడు. మామ బోర్డు దగ్గరకు పోయి చూసి, "ఇక్కడ లేదే!" అన్నాడు. అత్తా, మోకాళ్ళ పిన్నమ్మా, వైద్యానికొచ్చిన నలుగురైదుగురూ వసారాలోకి చేరారు. జేబులోంచి ఫ్యూజు తీసి అరచేతిలో పెట్టి చూపించాను.

"నేనే పీకినా. ఆ కాగులో కరెంటు ఉండాదన్నా. మొదటి నుంచీ ఉండాది. నాకు తెలుసు."

సాయిబు ఫ్యూజు తీసుకుని, నేరుగా స్నానాల గదికి పోయి, ముందు అవ్వను లేపి బయట కూర్చోబెట్టమన్నాడు. నా స్విచ్చి చూశాడు. రెండు కన్నాల ప్లగ్గు చూశాడు. కడ్డీ తీగను వేళ్ళతో తడిమి, "ఇందులో మూడుండాలే. ఇంకోటి యాడ?" అన్నాడు.

"కోసేసినా."

"ఎందుకు?"

"జాస్తి ఉండాదని."

ఆయనకు నవ్వొచ్చిందో కోపమొచ్చిందో తెలియదు, పెన్సిలు చెవి మీద నుంచి తీసి మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు. తర్వాత అందరినీ దూరంగా నిలబెట్టి, సంచిలోంచి తీగలు కట్టిన ఒక బల్బు తీశాడు. ఒక తీగను కాగు చెవికి చుట్టాడు. రెండో తీగను ఒక ఇనపచువ్వకు కట్టి, చువ్వను పెరట్లో తడినేలలోకి దిగ్గొట్టాడు. వసారాలోకి పోయి ఫ్యూజు పెట్టాడు. బల్బు వెలిగింది. గుడ్డి వెలుగే, లోపలి తీగ ఎర్రగా కనబడేటంత. కాని పట్టపగలు, ఏ స్విచ్చికీ తగిలించని బల్బు, నీళ్ళ కాగు నుంచి వెలుగుతోంది.

"ఇదేనమ్మా మీ వైద్యం" అన్నాడు సాయిబు. "కడ్డీలో యాడో పగిలింది. కరెంటు కాగులోకి దిగతా ఉండాది. పీట ఎండిపోయి ఉండబట్టి మీరు నవ్వతా దిగినారు. ఆ బల్బు ఉండే చోట మనిషి, తడికాళ్ళతో, రెండు చేతులూ ముంచి కూచుంటే..." ఫ్యూజు పీకేసి వచ్చి నా వైపు తిరిగాడు. "ఆ మూడో తీగ భూమిలోకి పోవాల్సిన తీగ. అది ఉండి ఉంటే మొదటి రోజే కరెంటంతా భూమిలోకి దిగి, ఫ్యూజు టప్పున ఎగిరిపొయ్యేది. మీకు కడ్డీ చెడిందని అప్పుడే తెలిసేది. కరెంటు తప్పుదోవ పడితే దానికి ఇంకో దోవ చూపించేదే అది. నువ్వు ఆ దోవ కోసేసి, మనుషుల్ని నిలబెట్టినావు."

మామ తిడతాడనుకున్నాను. ఆయన వసారా మెట్టు మీద కూర్చుని తల పట్టుకున్నాడు. అవ్వ ఆముదం తుడుచుకుంటూ, "పోతే పోయేదాన్నిలేరా. మోకాళ్ళామె మాత్రం ఊరంతా మహిమ అని చెప్పుకునేది" అంది. అందరూ నవ్వారు, మోకాళ్ళ పిన్నమ్మ తప్ప. నవ్వనిది ఇంకొకరు, మా అత్త. తొమ్మిది రోజులు ఆ కాగులో చెంబు ముంచింది ఆమే గదా. ఆమె నా దగ్గరకొచ్చి, ఎవరికీ వినబడకుండా, "అడిగినా గదరా నిన్ను" అంది. అంతే. కరెంటు మోచేతి దాకానే పాకింది గాని, ఆ మాట అక్కడితో ఆగలేదు.

ఆ మధ్యాహ్నం నుంచి నాకు నిజమైన చదువు మొదలైంది. సాయిబు నా చేతికి గడ్డపార ఇచ్చి స్నానాల గది వెనక నిలువెత్తు గొయ్యి తవ్వించాడు. అందులో ఇనప గొట్టం నిలబెట్టి, చుట్టూ ఒక పొర బొగ్గు, ఒక పొర ఉప్పు వేయించి, నీళ్ళు పోయించాడు. (ఉప్పు కోసం వచ్చినప్పుడు అవ్వ, "ఊరగాయ పెడతా ఉండారా?" అని అడిగిపోయింది.) మూడో తీగ భూమిలోకి పోయే దోవ ఇదేనని చెప్పి, గొట్టం నుంచి లావు తీగ ఇంట్లోకి లాగాడు. నా స్విచ్చినీ ప్లగ్గునూ ఊడపీకించాడు. మరో వారానికి నెల్లూరు నుంచి మూడు కన్నాల ప్లగ్గు తెచ్చి, స్నానాల గది బయట, వాన జల్లు పడని చోట, చూరు కింద బిగించాడు. పాత కడ్డీని చెత్తలో పారేసి కొత్తది కొనిపించాడు. "కాగు బయటే కాచుకోండి. కాగినాక స్విచ్చి ఆపు, ప్లగ్గు పీకు, కడ్డీ తియ్యి, అప్పుడు చెయ్యి పెట్టు. ఈ వరస మార్చొద్దు. స్నానం చేసే మనిషి ఉండే గదిలోకి చేతికందే కరెంటు రాకూడదు, అంతే" అని అత్తకు మూడుసార్లు అప్పజెప్పించుకున్నాడు. మట్టి కొట్టుకుపోయి గోతి పక్కన కూర్చున్న నాతో, బీడీ ముట్టించుకుంటూ, "బిట్రగుంట రైలు కాలనీలో పని నేర్చుకునేటప్పుడు నేనూ ఇట్టాంటిదే చేసినా. మా మేస్త్రి చెంప పగలగొట్టినాడు. నువ్వు గొయ్యితో తప్పించుకున్నావు" అన్నాడు. ఫ్యూజు పీకింది మంచి పని అని కూడా అన్నాడు. "తొమ్మిది రోజులు ఆలస్యం అనుకో."

కొత్త కడ్డీతో నీళ్ళు కాగిన మొదటి రోజు మామ తీర్పు చెప్పాడు. ఇంట్లో ఎవరు స్నానం చెయ్యాలన్నా ముందు ఇంజినీరు కాగులో చెయ్యి పెట్టాలి, ఉత్తకాళ్ళతో, తడినేల మీద నిలబడి. ఆ తీర్పు నేను ఆ ఊళ్ళో ఉన్నన్ని రోజులూ అమలైంది. తెల్లారితే చాలు, "అబ్బాయా, రా, నీళ్ళు కాగినాయి" అని అత్త పిలిచేది. కడ్డీ బయటికి తీసేసినాక కాగులో ఏ కరెంటూ ఉండదని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా పెట్టేవాడిని. మోకాళ్ళ పిన్నమ్మ మాత్రం గోడ మీదుగా చూసి, "ఉన్న మందు కాస్తా చెడగొట్టినారు" అని నిట్టూర్చేది.

పి.యు.సి. నేను మళ్ళీ తప్పాను. ఫ్యూజు సాయిబు సైకిలు వెనక సంచి మోస్తూ నాలుగేళ్ళు తిరిగి, తర్వాత వైరుమను లైసెన్సు పరీక్షకు వెళ్ళాను. అక్కడి అధికారి కళ్ళజోడు సవరించుకుంటూ, "స్నానాల గదిలో వైరింగుకు ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి?" అని అడిగాడు. నేను మొదలుపెట్టాను. స్విచ్చి ఎక్కడ ఉండకూడదో, ఎందుకుండకూడదో, మూడో తీగ ఎక్కడికి పోవాలో, గోతిలో ఉప్పు ఎంత, బొగ్గు ఎంత, ఎండాకాలం ఆ గోతిలో నీళ్ళెందుకు పోయాలో, ఇంట్లోవాళ్ళు ఏం అడిగితే ఏం చెప్పకూడదో, అన్నీ చెప్పాను. ఆయన రెండుసార్లు చాలన్నట్టు చెయ్యెత్తాడు. నేను ఆగలేదు. చివరికి, "ఇంత వివరంగా ఎవరి దగ్గర నేర్చుకున్నావయ్యా?" అన్నాడు.

"మా అవ్వ దగ్గర సార్" అన్నాను.

ఆయన నన్ను అనుమానంగా చూసి, పాసైనట్టు రాసేశాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని తిరిగొస్తుంటే, దారి పొడుగునా ఇళ్ళల్లో అప్పుడప్పుడే దీపాలు వెలుగుతున్నాయి. జేబులో ఫ్యూజు దాచుకుని ఎదురింటి రేడియో పాటకు చెమటలు కక్కుతున్న ఆ కుర్రవాడు నా పక్క సీట్లో కూర్చున్నట్టే అనిపించింది. వాడికి రెండు తగిలిద్దామనుకున్నాను. ఎందుకో చెయ్యి రాలేదు.